రెండు మిషన్ల బిల్లు

ఆర్మూర్,
ఫిబ్రవరి 2

ఫోన్ ఎత్తకపోయినా నాదానివే అయిన వినోదా,

ఈ ఉత్తరం మా ఎస్తేరమ్మ చిన్నమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. దొంకేశ్వర్‌లో మీరిద్దరూ ఒకే కార్ఖానాలో బీడీలు అప్పజెబుతారు కదా, ఆకు కట్టతో పాటు నీ గంపలో పెట్టమని చెప్పాను. ఇంటికి తీసుకుపోకుండా అక్కడే చదువు. పదకొండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లు మీ అత్తమ్మ ఎత్తి, "వినోద ఇంట్ల లేదు బిడ్డా, బయటికి వోయింది" అంది. వెనక నీ దగ్గు వినిపించింది. చిన్నప్పటి నుంచి వింటున్నాను, నీ దగ్గు నాకు తెలియదా?

కోపంతో మొదలుపెట్టాను, ఏమనుకోకు. నీ కార్డు గొడవ వచ్చి నా మెడకు చుట్టుకుంది. నీకు సగమే తెలుసు కాబట్టి మొదటి నుంచీ రాస్తాను.

డిసెంబర్ పన్నెండు. మీ అమ్మకు, మా పెద్దమ్మకు, పిత్తాశయంలో చీము పట్టింది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలని మా కుట్టుమిషన్ల దుకాణం ఎదురుగా ఉన్న దవాఖానలో చెప్పారు. ఆరోగ్యశ్రీ అక్కడ నడవదన్నారు. బ్యాంకు కార్డు కూడా పనికిరాదు, యాభై ఎనిమిది వేలు రొక్కం కడితేనే లోపలికి తీసుకుపోతామన్నారు. నువ్వు చెప్పులు కూడా లేకుండా రోడ్డు దాటి వచ్చావు. మీ ఆయన గంగాప్రసాద్ షార్జాకు పోతూ, బ్యాంకులో డిపాజిట్ మీద తీసుకుని నీ దగ్గర పెట్టిన క్రెడిట్ కార్డు నీ చేతిలో ఉంది. "కరుణా, గిది గీకి నాకు నగదియ్యవే. మా అవ్వ సచ్చిపోతది" అన్నావు. నేను ఒక్క మాట అడగకుండా గల్లా తీశాను. కార్డు డబ్బా మీద నాలుగు అంకెలు నువ్వే నొక్కావు. చీటీ బయటికి రాగానే, సంతకం అక్కర్లేదని నేను చెప్పేలోపే పెన్ను తీసుకుని పెట్టేశావు.

నీకు సంతకమంటే ఎంత ముచ్చటో నాకు తెలుసు. మూడో తరగతిలో నిన్ను బడి మాన్పించి బీడీలకు కూర్చోబెట్టినప్పుడు, సాయంత్రాలు మీ అరుగు మీద నీకు అక్షరాలు నేర్పింది నేనే కదా. బీడీల పీఎఫ్ కాగితాలు వచ్చినరోజు గుమస్తా సిరా డబ్బా నీ ముందుకు తోశాడు. నువ్వు భయపడి బొటనవేలు చాపావు. నేను నీ చెయ్యి వెనక్కి లాగి, బీడీ కట్టల లేబుల్ వెనక నీ పేరు రాయించాను. ముందు 'వి' కి పొడుగు తల, చివర 'ద' కింద తోక. నలభైసార్లు రాయించాను. "ఇగ ఎవ్వనికీ ఏలుముద్ర ఎయ్యకే" అన్నాను. ఆ తర్వాత నువ్వు ఎక్కడా వెయ్యలేదు.

సరే, విషయానికొస్తాను. కార్డు గీకి నగదు ఇవ్వడం మన దగ్గర కొత్త కాదు. పసుపు అమ్ముడుపోయే దాకా ఎవరి చేతిలోనూ పైస ఆడదు. ఆ రోజుల్లో దుకాణాల్లో కార్డు గీకించుకుని, వందకు మూడు పట్టుకుని నగదు ఇస్తారు. పుస్తకంలో మాత్రం ఏదో సామాను అమ్మినట్టు బిల్లు రాసుకుంటారు. నేనూ రాసుకున్నాను. రెండు మోటారు కుట్టుమిషన్లు, ఒక్కోటి ఇరవై తొమ్మిది వేలు. దుకాణంలో గోడవారగా నిలబడి ఉన్న రెండింటి నంబర్లు చూసి ఎక్కించాను. నీ దగ్గర వందకు ఒక్కటి కూడా పట్టుకోలేదు. పైగా కార్డు చార్జీ అని కంపెనీ కోసుకున్న పదమూడు వందల అరవై తొమ్మిది నేనే భరించాను. ఇది దెప్పడం కాదు.

ఆ సాయంత్రమే నువ్వు ఫోన్ చేశావు. మీ ఆయన ఫోన్‌కు మెసేజ్ పోయిందని, "కార్డు నువ్వు గీకినవా?" అని అడిగాడని, నువ్వు భయపడి "నేనెందుకు గీకుత, కార్డు బీరువలనే ఉన్నది" అన్నావని చెప్పావు. ఎందుకు భయపడ్డావో నాకు తెలుసు. మీ కొత్తింటి గృహప్రవేశంలో పెద్దమ్మ నలుగురి ముందూ "నా బిడ్డ కమ్మలమ్మి వీసా కొనుక్కున్నడు" అనేసింది కదా. ఆ ఇంటికి ఇక ఒక్క రూపాయి పోకూడదని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. ఆపరేషన్ డబ్బు మీ తమ్ముడు శ్రావణ్ పెట్టాడని కూడా చెప్పానన్నావు. ఆ రోజు ఇద్దరం నవ్వుకున్నాం వినోదా. పెద్దమ్మ బతికిందన్న సంతోషంలో అబద్ధం చిన్నదిగా కనిపించింది.

ఆయన ఊరుకోలేదు. కార్డు బీరువాలో ఉండగా యాభై ఎనిమిది వేలు ఎట్లా పోయాయని బ్యాంకుకు ఫిర్యాదు పెట్టాడు. నెలవారీ కార్డు బిల్లులో మా దుకాణం పేరు కాకుండా కార్డు డబ్బా కంపెనీ పేరు పడుతుందట, అందుకే అది నేనని ఆయనకు తెలియలేదు. మొన్న నాకు మెసేజ్ వచ్చింది. అర్థం కాక, నాకు ఆ డబ్బా అంటగట్టిన నరహరిని పిలిచాను. ఇంతకుముందు చిట్టీల ఏజెంటుగా తిరిగేవాడు, నీకు తెలుసు. "దీన్ని చార్జ్‌బ్యాక్ అంటరు మేడం. కార్డుగల్లాయన నేను కొనలేదన్నడు. బ్యాంకోళ్లు మీకాడికెళ్లి పైసలు వాపస్ గుంజుకుంటరు. మీరు అమ్మిన్నని రుజువు పెడితే ఆగుతది. పదో తారీఖు సాయంత్రం ఆరింటి దాక టైమున్నది" అన్నాడు.

రుజువంటే ఆ చీటీయే. నంబరు నొక్కి గీకారని దాని మీద అచ్చు పడి ఉంది, కింద నీ సంతకం ఉంది. అది పంపితే నా డబ్బు నాకుంటుంది. కానీ నీకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియని నంబరు అది. చీటీ చూసిన నిమిషంలోనే ఆయనకు అంతా అర్థమైపోతుంది.

అందుకని అడుగుతున్నాను. నువ్వే ఆయనకు చెప్పు. తిడతాడు, పది రోజులు మాట్లాడడు, అంతే కదా. ఫిర్యాదు ఆయన వాపసు తీసుకుంటే నేను చీటీ పంపాల్సిన పనే లేదు. పదో తారీఖు లోపల ఎస్తేరమ్మ చిన్నమ్మతో ఒక్క ముక్క చెప్పి పంపు. నీ మీద ఒట్టు, నాకు ఇంకో దారి కనబడడం లేదు.

నీ
కరుణశ్రీ


ఆర్మూర్,
ఫిబ్రవరి 7

వినోదా,

ఉత్తరం చదివి రవికలో దోపుకున్నావని, ఏమీ అనకుండా ఆకు కట్ట ఎత్తుకుని పోయావని చిన్నమ్మ చెప్పింది. ఏమీ అనలేదా అని నేను మూడుసార్లు అడిగాను. మూడోసారికి ఆమెకు కోపం వచ్చింది.

ఇవాళ మధ్యాహ్నం నుంచి దుకాణంలో ఒక్కరూ లేరు. రోడ్డు మీద పసుపు బస్తాల ట్రాక్టర్లు నిజామాబాద్ మార్కెట్‌కు పోతున్నాయి, దుమ్మంతా లోపలికే వస్తోంది. కూర్చుని ఆ కంపెనీతో నేను చేసుకున్న ఒప్పందం చదివాను. ఇరవై మూడు పేజీలు, అంతా ఇంగ్లీషు. రెండేళ్ల కింద నరహరి ఒక్కో పేజీ తిప్పుతుంటే, చాయ్ చల్లారిపోతోందన్న తొందరలో ఇరవై మూడు సంతకాలు పెట్టాను. నీకు సంతకం నేర్పినదాన్ని కదా, చూడు నా తెలివి. ఫోన్ కెమెరా పెడితే తెలుగులోకి మార్చి చూపిస్తుందంటే పెట్టాను. ఆ తెలుగు ఇంగ్లీషు కన్నా కష్టంగా ఉంది. అయినా ఒక్కో ముక్కా కూడబలుక్కుని చదివాను.

డబ్బా కిరాయి నెలకు నాలుగు వందల చిల్లర అని ఉంది, అది తెలుసు. ప్రతి గీకుడుకూ కోత ఉందని తెలుసు. గీకిన డబ్బు మరుసటి పనిరోజు మన ఖాతాలో వేస్తారు, దానికి సెటిల్మెంట్ అని పేరు, అదీ తెలుసు. తెలియంది పద్నాలుగో పేజీలో ఉంది. ఖాతా మీద అనుమానం వస్తే దుకాణం డబ్బంతా నూట ఎనభై రోజుల దాకా తమ దగ్గరే ఆపుకోవచ్చట. ఎవరో ఒకరి గొడవ వస్తే ఆ ఒక్కరి డబ్బే కాదు, అందరిదీ. దాని కింద ఇంకొకటి ఉంది. సామాను అమ్మకుండా కార్డు గీకి నగదు ఇవ్వకూడదు. ఇచ్చినట్టు తేలితే డబ్బా తీసుకుపోతారు, ఆ దుకాణం పేరు జాబితాలో ఎక్కిస్తారు, ఇక ఏ కంపెనీ కూడా డబ్బా ఇవ్వదు. ఆర్మూర్‌లో సగం దుకాణాలు చేసేది అదే. నేను ఈ చుట్టుపక్కలే పుట్టి పెరిగాను, అది తప్పని ఒక్కరూ అనగా వినలేదు.

ఆపడం మొదలుపెట్టారు వినోదా. జనవరిలో కుట్టు నేర్చుకున్న ఆడవాళ్లు తొమ్మిదిమంది ఈ వారంలోనే మిషన్లు కొన్నారు. అందరూ కార్డు మీద వాయిదాలకే కొన్నారు. బీడీల పని తగ్గి మన ఆడవాళ్లంతా కుట్టుకు వస్తున్నారు, రొక్కం పెట్టి కొనేది నెలకు ఒక్కరు కూడా ఉండరు. ఆ లక్షా ఎనభై వేలు కంపెనీ దగ్గరే ఆగిపోయాయి. ఖాతా పరిశీలనలో ఉంది అని రోజూ అదే మెసేజ్. హైదరాబాద్‌లో మిషన్లు ఇచ్చిన సేటుకు నేను రాసిన చెక్కు పదమూడో తారీఖుది. అది తిరిగిపోతే ఆయన ఇంకో మిషన్ పంపడు. మా ఆయన జయరాజ్ రోజూ ఆటో ఆపి వచ్చి, డబ్బా వైపు చూసి, మళ్లీ పోతాడు. నిన్న మాత్రం ఒక్క మాట అన్నాడు. "నువ్వు దొంగతనం చేసినవా? ఆమె నొక్కింది, ఆమె తీస్కపోయింది. ఉన్నదున్నట్టు పంపెయ్, ఇంక ఫికర్ దేనికి?"

ఉన్నదున్నట్టు పంపడానికి లేదని ఆయనకు ఎట్లా చెప్పను? ఉన్నదున్నట్టు చెబితే నేను నగదు ఇచ్చానని తేలుతుంది. సామాను అమ్మానంటే లేని మిషన్లు అమ్మినట్టవుతుంది. ఏ వైపు తిరిగినా గోడే. ప్రార్థనలో కూర్చుంటే కూడా పద్నాలుగో పేజీయే కళ్ల ముందు కనబడుతోంది. తిండి సహించడం లేదు. దుకాణం షట్టర్ ఎత్తుతుంటే ఎందుకు ఎత్తుతున్నానో తెలియడం లేదు.

కానీ ఒకటి తేల్చుకున్నాను, అది చెప్పడానికే ఈ ఉత్తరం. నేను చీటీ పంపను. నువ్వు భయపడకు. నువ్వు చెప్పగలిగితే చెప్పు, లేకపోతే లేదు. పోతే దుకాణం పోతుంది, నీ కాపురం కన్నా నాకది ఎక్కువ కాదు.

నీ
కరుణ


ఆర్మూర్,
ఫిబ్రవరి 24

వినోదా,

ఈసారి నిన్ను ఏమని పిలవాలో తెలియక పేరు ఒక్కటే రాశాను. నువ్వు బాల్కొండలో పెద్దమ్మ దగ్గరున్నావని నిన్న తెలిసింది. జయరాజ్ ఆటోలో వచ్చి ఇది నీ చేతికే ఇస్తాడు. తీసుకోకపోతే గడపలో పెట్టి రమ్మన్నాను.

నేను పంపాను. పంపనని రాసిన మూడు రోజులకే పంపాను.

పదో తారీఖు సాయంత్రం అయిదింటికి నరహరి వచ్చాడు. "మేడం, ఆరు దాటితే మీ చేతుల ఏముండదు. చీటీ ఒకటి, బిల్లొకటి, రెండు ఫోటోలు కొట్టి పంపున్రి" అన్నాడు. నేను చీటీ తీశాను. బిల్లు పుస్తకం తీశాను. ఆయన బిల్లు చూసి, "గీడ కొన్నామె సంతకం లేదు గద మేడం, గిట్లైతే నడవది" అన్నాడు. అని, చాయ్ తాగొస్తానని బయటికి పోయాడు. ఎందుకు పోయాడో నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు.

నేను నీ సంతకం పెట్టాను. 'వి' కి పొడుగు తల, 'ద' కింద తోక. నేర్పింది నేనే కాబట్టి చెయ్యి ఎక్కడా ఆగలేదు. నా సంతకం కన్నా కుదురుగా వచ్చింది.

చెక్కు గురించి భయపడి చేశానని చెబితే అది సగమే. నీ మీద కోపం కూడా ఉంది. రెండు ఉత్తరాలు రాశాను, నువ్వు ఒక్క ముక్క చెప్పి పంపలేదు. దాని భయం దానిది, నా భయం ఎవరికీ పట్టదా అనుకున్నాను. చీటీ చూస్తే ఆయనకు నువ్వు దొరికిపోతావని తెలిసే పంపాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు. బటన్ నొక్కి, షట్టర్ దించి, ఇంటికి పోయి అన్నం తిన్నాను. వారం రోజుల తర్వాత మెసేజ్ వచ్చింది. వివాదం మీకు అనుకూలంగా ముగిసిందని. ఆపిన డబ్బంతా మరునాడు ఖాతాలో పడింది. సేటు చెక్కు అంతకుముందే తిరిగిపోయింది కానీ, డబ్బు వేస్తే ఒప్పుకున్నాడు. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంట్లో కోడి కోశాం. ఇది కూడా నీకు తెలియాలి.

నిన్న ఎస్తేరమ్మ చిన్నమ్మ వచ్చింది. గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మన్నా రాలేదు. "నీ దోస్తును ఇంట్లకెళ్లి ఎల్లగొట్టిన్రే. పెద్దమనుషులను కూసోబెట్టిన్రు. ఆమె మొగడు ఫోన్ల, అత్త గద్దె మీద. గా మిషన్లు ఎవనింట్ల పెట్టినవని అడిగిండు. మా అవ్వ ఆపరేషన్‌కని ఇది ఏడ్సుకుంట చెప్తే, అది నీ తమ్ముడు పెట్టిండని నువ్వే చెప్తివి గద అన్నడు. బిల్లుల రెండు మిషన్లని అచ్చంగ రాసి ఉన్నది, కింద సంతకమున్నది, ఎవనికి కొనిచ్చినవ్ చెప్పు అన్నడు. గా మాటలు నోటితోని చెప్పరాదు" అంది. అప్పుడు నావైపు చూసి, "గా బిల్లు నీ దుకాణంది గద కరుణా" అంది.

నువ్వు భర్త కార్డు గీకావని బయటపడుతుందనుకున్నాను వినోదా. అంతవరకే ఆలోచించాను. లేని మిషన్లు నీ మీద ఇంత నింద తెస్తాయని నాకు తోచలేదు. నువ్వు నిజం చెబుతుంటే, నిన్ను అబద్ధాలదాన్ని చేసింది నా చేతిరాత. ఆ రెండు మిషన్లూ ఇప్పుడు కూడా నా ఎదురుగానే ఉన్నాయి. వాటిని చూస్తూనే ఇది రాస్తున్నాను. నిన్న రోజంతా దుకాణంలో నేల మీద కూర్చుని ఏడ్చాను. ఎవరో సూదుల ప్యాకెట్ కోసం వచ్చి, నన్ను చూసి వెనక్కి పోయారు. చచ్చిపోదామని కూడా అనిపించింది. మా పాప బడి నుంచి వచ్చి బ్యాగు విసిరేసి ఆకలన్నది, లేచాను.

ఇవాళ పొద్దున కంపెనీకి రాసి పంపాను. తెలుగులోనే రాశాను, వాళ్లే మార్చుకుంటారు. డిసెంబర్ పన్నెండున మిషన్లు ఏవీ అమ్మలేదు. తల్లి ఆపరేషన్ కోసం వచ్చిన మనిషికి కార్డు గీకి నగదు ఇచ్చాను. బిల్లు అబద్ధం, దాని మీది సంతకం ఆమెది కాదు, నేను పెట్టాను. అంతే రాశాను. రెండు మిషన్ల వీపు మీద నంబర్లు కనబడేట్టు ఫోటోలు తీసి, వాటి పక్కన ఇవాళ్టి పేపరు పెట్టి పంపాను. బిల్లులో ఉన్న నంబర్లు అవే. అమ్ముడుపోయిన మిషన్లయితే నా దుకాణంలో ఎందుకుంటాయి?

నరహరి పరుగెత్తుకొచ్చాడు. "గెలిచిన కేసు మేడం! గిట్లెవరన్న జేస్తరా?" అని నెత్తి కొట్టుకున్నాడు. యాభై ఎనిమిది వేలు వెనక్కి తీసుకుంటారట, డబ్బా రేపే తీసుకుపోతారట, నా పేరు జాబితాలోకి పోతుందట. దొంగ బిల్లు కాబట్టి కేసు కూడా పెట్టొచ్చని మెల్లగా చెప్పాడు. డబ్బా లేకుండా మిషన్లు అమ్ముడుపోవు. మార్చి ఆఖరుకు దుకాణం ఖాళీ చేస్తామని ఓనరుకు చెప్పేశాం. జయరాజ్ మెట్ల మీద కూర్చుని ఆటో మీద నెలకు ఎంత వస్తుందో లెక్కపెట్టాడు.

కంపెనీకి రాసిన కాగితం నకలు, ఫోటోలు దీనితో పెట్టాను. గంగాప్రసాద్ అన్నకు చూపించు. నా ఫోన్ నంబరు కూడా కింద రాశాను, ఆయన ఎప్పుడు చేసినా నిజం చెబుతాను, పెద్దమనుషుల ముందు నిలబడమన్నా నిలబడతాను. నన్ను క్షమించమని అడగడం లేదు. అడిగే ముఖం లేదు. నువ్వు ఎట్లా ఉన్నావో ఒక్క ముక్క చెప్పి పంపితే చాలు.

కరుణశ్రీ


దొంకేశ్వర్,
మార్చి 12

కరుణకు,

నీ కాగితం, ఫోటోలు అందాయి. నేను దొంకేశ్వర్ తిరిగి వచ్చాను. ఆయనే అత్తమ్మకు ఫోన్ చేసి నన్ను తీసుకురమ్మన్నాడు. ఫోటోలు పంపినరోజు మిషన్ల మీది నంబర్లు రెండుసార్లు పైకి చదివాడు. బిల్లు తీసి పక్కన పెట్టుకుని మళ్లీ చదివాడు. తర్వాత, "ఒక అబద్ధం కోసం ఎవలు గూడ దుకాణం బంద్ వెట్టుకోరు. గామె జెప్పేది నిజమే" అన్నాడు. పెద్దమనుషులకు కూడా ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. అత్తమ్మ మాత్రం ఇంకా నా చేతి అన్నం తినడం లేదు. తింటుందిలే.

అవ్వ బాగానే ఉంది. ఇదంతా తన వల్లనే అయిందని రోజూ ఏడుస్తుంది. నేను ఓదార్చడం మానేశాను.

నీకు ఒకటి తెలియదు కరుణా. చిన్నమ్మకు కూడా తెలియదు. నీ మొదటి ఉత్తరం చదివినరోజు నుంచి నేను అన్నం తినలేదు. రెండో ఉత్తరంలో నువ్వు చీటీ పంపనని రాశావు. నా కోసం దుకాణం పోగొట్టుకుంటానని రాశావు. అది చదివాక ఇంకా నోరు మూసుకుని ఉంటే నేను మనిషినే కాదనిపించింది. తొమ్మిదో తారీఖు ఆయన డ్యూటీ దిగగానే ఫోన్ చేసి అంతా చెప్పేశాను. కార్డు నేనే గీకానని, అవ్వ కోసమని, శ్రావణ్ పెట్టలేదని. ఆయన తిట్టాడు. బాగా తిట్టాడు. ఆ తర్వాత ఆయనకే ఏడుపు వచ్చింది. "ముందే చెప్తే నేనేమన్న సంపుతనా?" అన్నాడు. నమ్మాడు కరుణా. శుక్రవారం సెలవు రోజు బ్యాంకుకు ఫోన్ చేసి ఫిర్యాదు వాపసు తీసుకుంటానన్నాడు. పదో తారీఖు పొద్దున నీకు చెప్పి పంపుదామని కార్ఖానాకు పోతే, చిన్నమ్మకు జ్వరమని రాలేదు. ఫోన్ అత్తమ్మ దగ్గర ఉండె. రేపు చెబుదాములే, శుక్రవారం దాకా ఉంది కదా అనుకున్నాను. పదో తారీఖుతో నీ గడువు అయిపోతుందన్నది నాకు గుర్తుంది. కానీ నువ్వు చీటీ పంపనన్నావు కాబట్టి గడువుతో భయం లేదనుకున్నాను. నీ దగ్గర గుంజుకున్నా నీ డబ్బు నీకు తిరిగి వస్తుందనుకున్నాను.

శుక్రవారానికి ఒక్కరోజు ముందు బ్యాంకు నుంచి ఆయన ఫోన్‌కు నీ బిల్లు వచ్చింది. రెండు మిషన్లు. కింద నా సంతకం. తొమ్మిదో తారీఖు నేను చెప్పిందంతా కూడా అబద్ధమే అనుకున్నాడు. ఏడ్చింది కూడా నాటకమే అన్నాడు. నన్ను అన్న మాటలు నీకు చిన్నమ్మ చెప్పింది కదా.

ఆ బిల్లు ఫోటో ఆయన నాకు పంపాడు. "నీ సంతకం గాదా?" అని అడిగాడు. నేను చాలాసేపు చూశాను. నాది కాదని గట్టిగా చెప్పలేకపోయాను. అంత బాగా వచ్చింది. నేనే ఎప్పుడో పెట్టి మరిచిపోయానా అని కూడా అనుకున్నాను. బాల్కొండ బస్సులో కూర్చున్నాక తెలిసింది అది ఎవరు పెట్టి ఉంటారో. బీడీ లేబుల్ వెనక నలభైసార్లు రాయించినప్పుడు నా వేళ్ల మీద నీ వేళ్లు ఉన్నాయి.

నీ దుకాణం పోయినందుకు నాకు బాధగా ఉంది. అది అబద్ధం కాదు. నువ్వు చివరికి చేసింది ఎవరూ చెయ్యరు, అది కూడా నాకు తెలుసు. దాని వల్లనే మళ్లీ ఈ ఇంట్లో ఉన్నాను. మా పాప నన్ను వదలకుండా పట్టుకుని పడుకుంటోంది. కానీ నువ్వు అడిగావు కదా, ఎట్లా ఉన్నావో చెప్పి పంపమని. మొన్న పీఎఫ్ కాగితాల మీద సంతకం పెట్టమని కార్ఖానా గుమస్తా పెన్ను ఇచ్చాడు. 'వి' రాశాను. తల గీసేటప్పుడు చెయ్యి ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు. ఎంతకూ రాలేదు. సిరా డబ్బా అడిగి తీసుకున్నాను.

ఇప్పుడు ఈ ఉత్తరానికి కూడా పేరు మామూలు అక్షరాల్లో రాసి, అట్లాగే ముద్ర వేస్తున్నాను. ఇంట్లో సిరా లేదు, బొటనవేలికి పాప స్కెచ్ పెన్ను పూసుకున్నాను. ఇది మాత్రం నా ఒక్కదానిదే.

వినోద
ఎడమచేతి బొటనవేలి ముద్ర